మేరీ మెకిలప్ ఇరవై ఏళ్ళు కొట్లాడింది దేని కోసం?

మేరీ మెకిలప్ గురించి ఎవరిని అడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1871లో శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, ఆమెని వెలివేసింది, 2010లో అదే శ్రీసభ పునీతురాలని ప్రకటించింది, ఆస్ట్రేలియాకి మొదటి సెయింట్. భక్తి ఉన్నవాళ్ళు చెబితే ఇది ఓర్పు కథ, చర్చి అంటే పడనివాళ్ళు చెబితే తిరుగుబాటు కథ. నేను క్యాథలిక్‌ని కాదు. గుంటూరులో కాన్వెంట్‌లో చదువుకుని, ఇప్పుడు సిడ్నీలో మా పాపని క్యాథలిక్ స్కూల్లో వేసినవాళ్ళలో ఒకరిని. ఏటా ఆగస్టు 8న, ఆమె పండుగ రోజు, స్కూలు నుంచి వచ్చే కాగితంలో ఈ కథ చదువుతాను, చదివిన ప్రతిసారీ చిరాకేస్తుంది. వెలివేతకి రెండు పేరాలుంటాయి, ఎందుకు వెలివేశారు అన్నదానికి మాత్రం "బిషప్ గారితో అభిప్రాయభేదాలు" అని అర వాక్యం.

ఆ అర వాక్యంలోనే ఉంది అసలు సంగతంతా. సిస్టర్లని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎవరు బదిలీ చెయ్యాలి, మఠం ఇల్లు ఎవరి పేరు మీదుండాలి, వాళ్ళకి పైఅధికారి వాళ్ళు ఎన్నుకున్న స్త్రీయా లేక స్థానిక బిషపా. వినడానికి సర్వీస్ రూల్స్ లాగా చప్పగా ఉంటుంది. కానీ ఆమె సుమారు ఇరవై ఏళ్ళు కొట్లాడింది ఈ చప్పటి విషయం కోసమే, ఆమె గొప్పతనం కూడా అక్కడే ఉందని నా వాదన. అద్భుతాలూ, ఓర్పూ, ధిక్కారమూ అన్నీ దాని తర్వాతే.

ముందు మనిషి గురించి కొంచెం. 1842 జనవరి 15న మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌లో పుట్టింది. తల్లిదండ్రులు స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. తండ్రి అలెగ్జాండర్ ఒకప్పుడు రోమ్‌లో గురువు, అంటే చర్చి ఫాదర్, కావడానికి చదువుకుని మధ్యలో మానేసిన మనిషి. చదువుంది, మాట ఉంది, డబ్బు దగ్గర మాత్రం బొత్తిగా లెక్క లేదు. ఇల్లు నిలబడదు, అద్దె కట్టలేరు, పిల్లలు బంధువుల ఇళ్ళలో తలోచోట. అందరికంటే పెద్దది మేరీ. ఇంకా పదహారైనా నిండకుండానే మెల్‌బోర్న్‌లో ఒక స్టేషనరీ కంపెనీలో గుమాస్తాగా చేరి ఇంటికి జీతం తెచ్చింది. పెద్దకూతురు సంపాదిస్తే ఇల్లు గడిచే కుటుంబాలు మనకేం కొత్త కావు కదా. సొంత ఇల్లు లేకపోవడమంటే ఏమిటో, ఒకరి దయ మీద బతకడమంటే ఏమిటో ఆమెకి చిన్నప్పుడే తెలుసు. తర్వాత ఆస్తి, అద్దె, కాగితాల విషయంలో ఆమె అంత గట్టిగా ఉండడానికి ఈ బాల్యమే కారణమని నాకనిపిస్తుంది. జీవిత చరిత్రల్లో దీన్ని ఎక్కువగా "పేదల మీద జాలి" కిందే జమకడతారు.

1860లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా అనే చిన్న ఊరికి, బంధువుల పిల్లలకి పాఠాలు చెప్పడానికి వెళ్ళింది. అక్కడ ఫాదర్ జూలియన్ టెనిసన్ వుడ్స్ పరిచయమయ్యాడు. లండన్‌లో పుట్టినవాడు, భూగర్భశాస్త్రం మీద పిచ్చి ఉన్నవాడు, సుమారు 56,000 చదరపు కిలోమీటర్ల విచారణకి (పారిష్‌కి) ఒక్కడే గురువు, గుర్రమెక్కి తిరిగేవాడు. ఆ అడవి పల్లెల్లో పిల్లలకి చదువు లేదు, చదువు చెప్పడానికి పెద్ద మఠాల సిస్టర్లు అంత దూరం రారు. 1866లో మేరీ చెల్లెళ్ళతో కలిసి పెనోలాలో ఒక పాత గుర్రాల కొట్టంలో బడి మొదలుపెట్టింది. తమ్ముడు జాన్ ఆ కొట్టాన్ని బాగుచేసిపెట్టాడు. 50 మందికి పైగా పిల్లలు చేరారు. ఆ మార్చి 19న, జోజప్ప (సెయింట్ జోసెఫ్) గారి పండుగ రోజున, నల్లని సాదా బట్టలు కట్టింది. మరుసటి ఏడు ఆగస్టు 15న ఎడిలైడ్‌లో మాటపట్టు (సిస్టర్‌గా ప్రమాణం) ఇచ్చి మేరీ ఆఫ్ ద క్రాస్ అయింది. అలా మొదలైన సిస్టర్ల సభకి, అంటే సంఘానికి, సెయింట్ జోసెఫ్ సిస్టర్లు అని పేరు. తర్వాత గోధుమరంగు బట్టల వల్ల జనం "బ్రౌన్ జోయీస్" అని ముద్దుగా పిలిచారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఆ "అడవి పల్లెలు" అసలు ఎవరివో ఈ కథ చెప్పేవాళ్ళు చాలావరకు చెప్పరు. పేద వలసదారుల పిల్లలు కథలో ఉంటారు, ఆ నేల పోగొట్టుకున్న ఆదివాసీల పిల్లలు ఎక్కడో గాని కనపడరు. మేరీ కాలం మనిషి మేరీ, ఒప్పుకుంటా. స్కూలు కాగితం మాత్రం మన కాలానిదే కదా.

సరే, ఈ సభ నియమావళికి వద్దాం. వుడ్స్, మేరీ కలిసి రాసుకున్న దాంట్లో మూడు సంగతులు ఆనాటి పెద్దలకి మింగుడు పడలేదు.

ఒకటి, సిస్టర్లలో పై తరగతి కింది తరగతి ఉండవు. యూరప్ మఠాల్లో అప్పటిదాకా ఉన్న పద్ధతి ఏంటంటే, చదువుకుని కట్నం తెచ్చుకున్న అమ్మాయిలు ప్రార్థనకీ పాఠాలకీ, ఏమీ తెచ్చుకోని పేద అమ్మాయిలు వంటకీ బట్టలుతకడానికీ. దుస్తుల్లో తేడా, కూర్చునే చోటులో తేడా, ఓటులో తేడా. నేను చదువుకున్న కాన్వెంట్‌లో ఒక సిస్టర్ ఉండేవారు, ఎప్పుడూ వంటింటి వైపే కనపడేవారు, ఒక్క క్లాసుకీ వచ్చి ఎరుగరు. మాకప్పుడు అది అడగాల్సిన ప్రశ్నని కూడా తెలీదు. కులం మీద బతికే ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలం, ఎవరో ఒకరు వంటింట్లో ఉండడం మాకు సహజమే. స్త్రీల మఠాల్లో అందరినీ ఒకే తరగతిగా చెయ్యమని రెండో వాటికన్ మహాసభ చెప్పింది 1965లో. అంటే పెనోలా గుర్రాల కొట్టం తర్వాత నూరేళ్ళకి.

రెండు, ఆస్తి వద్దు, తప్పనిసరి ఫీజు వద్దు. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు ఊరికే చదువుకుంటారు, చాలకపోతే సిస్టర్లు ఇంటింటికీ వెళ్ళి అడుక్కుంటారు. పెద్ద మఠం కట్టుకోకుండా ఇద్దరేసి ముగ్గురేసి రైల్వే కూలీల, గని కార్మికుల మధ్య గుడిసెల్లో ఉంటారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ సభ ఏ ఒక్క బిషప్ కిందా ఉండదు. సిస్టర్లు ఎన్నుకున్న ఒక సుపీరియర్ జనరల్ అన్ని ఊళ్ళలోని అందరినీ చూసుకుంటుంది. ఎవరు ఎక్కడ పనిచెయ్యాలో ఆమె చెబుతుంది.

మన ఊళ్ళల్లో టీచర్ల బదిలీలు ఎమ్మెల్యే చేతిలో ఉంటే ఏమవుతుందో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఊరి ఫాదర్‌తో సిస్టర్‌కి గొడవైందనుకోండి. ఆమె పైఅధికారి కూడా ఆ ఫాదర్ పైఅధికారే అయితే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? ఇంటి తాళం, తిండి గింజ, పాప సంకీర్తనం (కన్ఫెషన్), రేపు ఎక్కడుండాలి అన్నదీ, అన్నీ ఒకే గొలుసులో ఉంటే ఆమె నోరు మూసుకుంటుంది. మేరీకి కావలసింది ఆ గొలుసుకి బయట ఒక చోటు. గుంపులుగా పెద్ద మఠంలో ఉండే సిస్టర్లకంటే, ఎక్కడో దూరాన ఇద్దరే ఉండే సిస్టర్లకి అది ఇంకా అవసరం.

ఎడిలైడ్ బిషప్ లారెన్స్ షీల్ ఈ నియమావళిని 1868లో తనే ఆమోదించాడు. 1871 నాటికి సుమారు 130 మంది సిస్టర్లు, దక్షిణ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ కలిపి 40కి పైగా బడులూ ఆశ్రమాలూ. అయిదేళ్ళలో ఇంత పెరగడం అందరికీ నచ్చదు. వుడ్స్ కూడా తనవంతు సాయం చేశాడు, శత్రువులకి. బడుల కోసం అప్పుల మీద అప్పులు చేశాడు, దర్శనాలు వస్తున్నాయని చెప్పుకునే ఇద్దరు సిస్టర్లని నెత్తిన పెట్టుకున్నాడు. ఇంకో పక్క, కపుండాలో ఫాదర్ కీటింగ్ అనే గురువు పిల్లల మీద అఘాయిత్యం చేస్తున్నాడని 1870లో జోసెఫ్ సిస్టర్లు వుడ్స్‌కి చెప్పారు, వుడ్స్ పైవాళ్ళకి చెప్పాడు, కీటింగ్‌ని ఐర్లండ్ పంపేశారు. కీటింగ్‌కి స్నేహితుడైన ఫాదర్ హోరన్ ఆ పగ వుడ్స్ మీద పెట్టుకున్నాడు, ఆ తర్వాత బిషప్ చెవి దగ్గర ఉండే స్థానానికి వచ్చాడు. 2010లో పత్రికలు దీన్ని పట్టుకుని "పిల్లల మీద అఘాయిత్యాన్ని బయటపెట్టినందుకే మేరీని వెలివేశారు" అని రాసేశాయి. అది అంత సూటిగా లేదు. ఆ రోజుల్లో మేరీ క్వీన్స్‌లాండ్‌లో ఉంది, చెప్పింది వేరే సిస్టర్లు. కానీ నాకు ఇక్కడ కనపడేది ఇంకోటి. ఊరి ఫాదర్ మీద ఫిర్యాదు చెయ్యగలిగిన ధైర్యం ఆ సిస్టర్లకి ఎక్కడిది? వాళ్ళు ఆ ఫాదర్ కింద లేరు కాబట్టి వచ్చింది. ఆ తర్వాత ఏడాదే బిషప్ తెచ్చిన కొత్త నియమాల్లో మొట్టమొదటి మార్పేమిటో చూడండి. ఇకపై ప్రతి మఠం ఆ ఊరి గురువు అధీనంలో ఉండాలి. రెండోది, సిస్టర్లని రెండు తరగతులు చెయ్యాలి.

మేరీ ఒప్పుకోలేదు. అరవలేదు, పత్రికలకెక్కలేదు, నేను ఏ నియమాలకి మాటపట్టు ఇచ్చానో వాటి కిందే ఉంటాను, లేకపోతే సభ వదిలి వెళ్ళిపోతాను అంది. 1871 సెప్టెంబరు 22న ఎడిలైడ్ మఠంలో, మిగతా సిస్టర్ల ఎదుట, షీల్ ఆమెని వెలివేశాడు. ఆమెకి 29 ఏళ్ళు. 47 మంది సిస్టర్లని కూడా పంపేశారు. ఉన్న బట్టలు విప్పించారు, ఇళ్ళు ఖాళీ చేయించారు. వీధిలో పడ్డవాళ్ళకి అద్దె లేకుండా ఇల్లిచ్చింది ఇమాన్యుయేల్ సాలమన్ అనే యూదు వ్యాపారి.

అయిదు నెలల తర్వాత చావు మంచం మీద షీల్ వెలిని ఎత్తేయమన్నాడు, 1872 మార్చి 1న పోయాడు. అందరి కథా ఇక్కడ ఉద్వేగంగా ముగుస్తుంది. నిజానికి ఇక్కడ ఏమీ తేలలేదు. బిషప్ పశ్చాత్తాపపడ్డాడు, అంతవరకే. నియమం ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది, ఇంకో బిషప్ వస్తే ఇంకోసారి రోడ్డు మీద పడాల్సిందే.

అందుకే 1873లో ఆమె ఒక్కతే ఓడెక్కి రోమ్ వెళ్ళింది. తొమ్మిదో పయస్ పోపుని కలిసింది, కాగితాలు ఇచ్చింది, నెలల తరబడి ఎదురుచూసింది. రోమ్ ఆమెకి సగం ఇచ్చి సగం తీసుకుంది. మహిళా సుపీరియర్ జనరల్ ఉండొచ్చు అంది, కానీ ఆస్తి వద్దన్న నియమాన్ని కొట్టేసింది, సభ తన మఠాలని తన పేరు మీద పెట్టుకోవాలని చెప్పింది. వుడ్స్ దీన్ని క్షమించలేదు. మన ఆదర్శాన్ని అమ్ముకొచ్చావన్నట్టే చూశాడు, వాళ్ళిద్దరి మధ్య పాత స్నేహం మళ్ళీ అతకలేదు.

చాలామంది ఇక్కడ వుడ్స్ వైపు జాలిగా చూస్తారు. నేను చూడను. ఏ ఆస్తీ లేని సిస్టర్లంటే వినడానికి బాగుంటుంది. 1871లో ఏం జరిగిందో గుర్తుతెచ్చుకోండి. ఇల్లు వాళ్ళది కాదు కాబట్టే ఒక్క సాయంత్రంలో బయటికి నెట్టగలిగారు. అప్పుల మీద నడిచే పవిత్రత చివరికి అప్పిచ్చినవాడి దయ మీదో, బిషప్ దయ మీదో ఆగుతుంది. వుడ్స్ కవి లాంటివాడు. అద్దె కట్టలేని ఇంట్లో పెరిగిన పిల్లకి దస్తావేజు విలువ తెలుసు.

ఆ తర్వాత కథ ఇంకా పాకం పడుతుంది. బాథర్స్ట్ బిషప్ మాథ్యూ క్విన్, బ్రిస్బేన్ బిషప్ జేమ్స్ క్విన్, ఇద్దరూ అన్నదమ్ములు, ఇద్దరికీ సిస్టర్లు కావాలి, సిస్టర్ల సుపీరియర్ మాత్రం అక్కర్లేదు. 1876లో మేరీ బాథర్స్ట్ నుంచి తన సిస్టర్లని వెనక్కి పిలిచేసింది. 1880 నాటికి క్వీన్స్‌లాండ్ నుంచి కూడా. బాథర్స్ట్ దగ్గర ఉండిపోయినవాళ్ళు బిషప్ కిందే వేరే సభగా మారారు, వాళ్ళు కట్టింది నలుపు.

ఇది నాకు నిజంగా ఇబ్బంది పెట్టే ఘట్టం. బడులు మూసేస్తే నష్టపోయింది బిషప్పులు కాదు, పిల్లలు. వేరే దిక్కులేని పిల్లల కోసమే పుట్టిన సభ, నియమావళి కోసం ఆ పిల్లల్నే వదిలి రావడమేంటి? ఎన్నిసార్లు ఆలోచించినా దీనికి శుభ్రమైన జవాబు దొరకదు. కానీ ఒకటి. ఆమె అప్పుడు లొంగి ఉంటే సభ ముక్కలై ప్రతి డయోసిస్‌లోనూ (ఒక బిషప్ ఏలుబడిలో ఉండే ప్రాంతంలో) ఒక ముక్క, ప్రతి ముక్కా దాని బిషప్ ఇష్టాఇష్టాల మీద, బిషప్ మారినప్పుడల్లా బడి పద్ధతీ మారేది. పేద పిల్లలకి ఫీజు లేని బడి అన్నది అలాంటి చోట ఎంతకాలం నిలబడేది? నా లెక్క ప్రకారం ఆమె చేసింది సరైనదే, అయినా క్వీన్స్‌లాండ్ పిల్లల తల్లిదండ్రులకి ఈ లెక్క చెప్పి ఒప్పించమంటే నావల్ల కాదు.

1883లో ఎడిలైడ్‌లో, అంతకుముందు అండగా ఉన్న బిషప్ రేనల్డ్స్ తిరగబడ్డాడు. అప్పులు చేసిందని, తాగుతుందని నిందలు. నెలసరి నొప్పితో మంచాన పడే మనిషి, డాక్టరే బ్రాందీ రాసిచ్చాడు, దాన్ని తెచ్చి తాగుబోతు అన్నారు. ఆడమనిషి పరువు తీయడానికి ఇంతకంటే పాత పద్ధతి లేదు, ఇప్పటికీ పనిచేస్తుంది. ఎడిలైడ్ వదిలి పొమ్మన్నారు, సిడ్నీ వచ్చింది. 1885లో సిడ్నీలో చేరిన బిషప్పుల్లో ఎక్కువమంది ఈ సభ డయోసిస్‌ల కిందే ఉండాలన్నారు. ఆమె ఎన్నిక చెల్లదని చెప్పి మదర్ బెర్నార్డ్ వాల్ష్‌ని పైన కూర్చోబెట్టారు. ఆ మరుసటి ఏడు ఆమె తల్లి ఫ్లోరా, సిడ్నీకి వస్తూ, ఓడ మునిగి చనిపోయింది.

1888లో పదమూడో లియో పోపు తీర్పు వచ్చింది: ఈ సభ ఒకే కేంద్ర పాలన కింద ఉండొచ్చు, దాని ప్రధాన మఠం సిడ్నీలో. మేరీ రెండు దశాబ్దాలు అడిగింది ఇదే. తమాషా ఏంటంటే అప్పుడామె సుపీరియర్ కాదు. పదేళ్ళకి పైగా బెర్నార్డ్ కింద, ఆమె చెప్పినచోటికి వెళ్తూ, సిస్టర్లకి ఉత్తరాలు రాస్తూ పనిచేసింది. నియమం గెలిచిందా, కుర్చీలో ఎవరున్నా పర్లేదు అన్నట్టు. సంస్థలు పెట్టినవాళ్ళని మనం ఎంతమందిని చూశాం, పార్టీలు, ట్రస్టులు, ఆశ్రమాలు, పెట్టినవాడు కుర్చీ దిగి ఇంకొకరి కింద అదే సంస్థలో పనిచేసినవాళ్ళు ఎంతమంది? నాకు పునీతత్వం అన్న మాటకి ఏదైనా అర్థముంటే ఈ పదేళ్ళలో ఉంది. 1898లో బెర్నార్డ్ పోయారు, 1899లో సిస్టర్లు మళ్ళీ మేరీనే ఎన్నుకున్నారు. 1902లో న్యూజిలాండ్‌లోని రోటొరువాలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినా, 1905లో ఇంకోసారి ఎన్నుకున్నారు. 1909 ఆగస్టు 8న పోయింది. సమాధికి పాలరాయి ఇచ్చింది జొవానా బార్ స్మిత్ అనే పాత స్నేహితురాలు, ఆవిడ క్యాథలిక్ కాదు, ప్రెస్బిటేరియన్.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తా, నాకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు. 1995లో రెండో జాన్‌పాల్ పోపు ధన్యురాలన్నాడు (పునీతురాలికి ముందు మెట్టు), 2010 అక్టోబరు 17న పదహారో బెనెడిక్ట్ పునీతురాలన్నాడు. లెక్కలోకి తీసుకున్నవి రెండు క్యాన్సర్ స్వస్థతలు. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నియమావళిని నిలబెట్టడం మాత్రం అద్భుతాల జాబితాలోకి రాదు.

ఇక ఇక్కడి సంగతి. ఆస్ట్రేలియాలో ఆమె పేరున్న స్కూళ్ళు చాలా ఉన్నాయి. క్యాథలిక్ స్కూళ్ళకి ప్రభుత్వ డబ్బు వస్తుంది, పైన మేము ఫీజు కడతాం, ఇబ్బంది ఉన్నవాళ్ళకి తగ్గిస్తారు. సిస్టర్లు ముసలివాళ్ళైపోయారు, కొత్తగా చేరేవాళ్ళు దాదాపు లేరు, స్కూళ్ళు నడిపేది మామూలు ఉద్యోగులు. ఇంటింటికీ తిరిగి అడుక్కుని నడిపిన బడికీ దీనికీ పోలిక లేదని మా ఇంట్లో వాదన. నేను కాదనను. కానీ ఆమె వారసత్వాన్ని ఫీజులోనే వెతికితే మళ్ళీ స్కూలు కాగితం చేసిన పనే మనమూ చేసినట్టు.

నేనైతే దాన్ని మన దేశంలో వెతుకుతాను. 2018లో జలంధర్ బిషప్ మీద కేరళలో ఒక సిస్టర్ అత్యాచారం ఫిర్యాదు చేసినప్పుడు, కొచ్చిలో అయిదుగురు సిస్టర్లు ఆమె కోసం రోడ్డు మీద కూర్చోవడం మనందరం టీవీలో చూశాం. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆ బిషప్‌ని నిర్దోషి అంది. కేసు మంచిచెడ్డలు నా టాపిక్ కాదు. నేను అడిగేది వేరు. ఆ సిస్టర్ల సభ డయోసిస్ కింది సభ. అంటే వాళ్ళ పోషకుడు, వాళ్ళ మీద అంతిమ అధికారం ఉన్నవాడు, ఆ ఆరోపణ ఎదుర్కొన్న బిషపే. నిరసనకి కూర్చున్న సిస్టర్లకి కొన్ని నెలల్లోనే ఆ సభ నుంచి వేర్వేరు ఊళ్ళకి బదిలీ కాగితాలు వచ్చాయి.

మన దేశంలో డయోసిస్ కింద ఉన్న సిస్టర్ల సభలు చాలానే ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి, వాటిలో చేరే అమ్మాయిలు ఎక్కువగా దళిత, బీసీ కుటుంబాల వాళ్ళు. ఆగస్టు 8న వాళ్ళ మఠాల్లో కూడా మేరీ మెకిలప్ పేరు మీద ప్రార్థన జరుగుతుందేమో. ఆ రోజు ఎవరైనా ఒక సిస్టర్ లేచి, మన ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, నన్ను బదిలీ చేసేది ఎవరు, ఆయన మీదే ఫిర్యాదుంటే నేను ఎక్కడికి వెళ్ళాలి అని అడిగితే, ఆ గదిలో ఉన్న ఫాదర్లు ఏం చెప్తారో నాకు వినాలనుంది.